నాలుగు శ్రుతిలో రాజు

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ పైకప్పు దాకా ఉండేది కాదు. రేకులకు ఒక మూర కిందే ఆగిపోయేది. కట్టించిన ఆసామికి ఇటుకలు చాలలేదో, ఓపిక చాలలేదో తెలియదు గానీ, ఆ సందులోంచి వాళ్ల పోపు వాసన మాకూ, మా ఇంటి తిట్లు వాళ్లకూ సమంగా అందేవి. సైదాబాదులో, దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే ఒక గల్లీలో, ఒకే ఆవరణలో నాలుగు కిరాయి వాటాలు. మేం నల్లగొండ పల్లె నుంచి వచ్చినవాళ్లం. మా నాయిన బస్సులు బాగుచేసే పనిలో ఉండేవాడు. పక్క వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన దంపతులు ఉండేవారు. ఆయన ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆవిడ నాటకాల్లో వేషాలు వేసేది, పద్యాలు పాడేది.

ఆవిడని నేను అత్తయ్యా అని పిలిచేదాన్ని. మా వైపు అత్తమ్మ అంటారు. "అత్తమ్మ అంటే నాకు అప్పుడే నెత్తి నెరిసినట్టుంటుందే, అత్తయ్యా అను" అని ఆవిడే దిద్దింది. నేను దిద్దుకున్నాను. మా నాయినమ్మకు మాత్రం అది నచ్చేది కాదు.

అత్తయ్య వేయని వేషం లేదు. పన్నెండో ఏట స్టేజీ ఎక్కిందట. రాణి, చెలికత్తె, గయ్యాళి అత్తగారు, పిచ్చిది, సన్యాసిని, అన్నీ వేసింది. ఒక నాటకంలో మొదటి అంకంలో కూతురిగా వచ్చి, ఆఖరి అంకంలో అదే కూతురికి తల్లిగా వచ్చిందని వాళ్లాయన గొప్పగా చెప్పేవాడు. వీటన్నింటినీ మించింది రాజు వేషం. మీసం అంటించుకుని, కిరీటం పెట్టుకుని, ఒక చెయ్యి నడుం మీద వేసి నిలబడిందంటే ఇది ఆడమనిషి అని గుర్తు చేసుకోవడానికి మనకు కొంచెం సమయం పట్టేది. ఇంట్లో కూడా ఊరుకునే రకం కాదు. ఓ మధ్యాహ్నం మా నాయినమ్మ గొంతుతో గోడ మీద నుంచి "ఏమే, పాలు పొంగిపోతున్నయ్ సూడవేమే!" అని కేకేసింది. నల్లా దగ్గర బట్టలుతుకుతున్న మా అమ్మ తడి కాళ్లతో పరుగెత్తుకొచ్చింది. పొయ్యి మీద పాలు లేవు. మా నాయినమ్మ అసలు ఇంట్లోనే లేదు, అప్పుడు నల్లగొండ వైపు మా పల్లెలో ఉంది. "నీ నోట్లె మన్నువడ, వదినె! నా పానం పోయిందనుకున్న" అని మా అమ్మ అక్కడే గడప మీద కూలబడి నవ్వడం నాకు ఇంకా కళ్లముందే ఉంది.

సంగీతం తెలియనివాళ్లకు ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. హార్మోనియం మెట్లకు అంకెలుంటాయి. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, అలా పైకి పోతాయి. ఎవరు ఏ మెట్టును పట్టుకుని పాడితే అది వాళ్ల శ్రుతి. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి లేవాలి. అత్తయ్యది ఐదున్నర. నల్ల మెట్లు మూడు పక్కపక్కన ఉండే గుంపులో నడిమిది. ఆ రోజుల్లో నాటకం చూసేవాళ్లు ఆ అంకెను బట్టి మనిషికి విలువ కట్టేవారు. పద్యం చివర రాగం తీస్తే జనం ఊపిరి బిగబట్టాలి, ఆపైన వన్స్ మోర్ అని అరవాలి. అరిచారంటే అదే పద్యం మళ్లీ పాడి తీరాలి, పాత్ర చచ్చిపోయినా సరే. నవ్వకండి. బాణం తగిలి చనిపోయిన సేనాపతి లేచి, పంచె దులుపుకుని, అదే పద్యం మళ్లీ పాడి మళ్లీ పడుకోవడం నేను కళ్లారా చూశాను.

నేను నాలుగో తరగతిలో ఉండగా అత్తయ్య గొంతు కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. దవాఖానలో కోసి తీసేశారు. ఆరు వారాలు గట్టిగా మాట్లాడొద్దన్నారు, పాట సంగతి తర్వాత చూద్దామన్నారు. గోడ మీద నుంచి పద్యం రావడం ఆగిపోయింది. అబద్ధమెందుకు, అంతకుముందు ఆ పొద్దుటి సాధనకు విసుక్కున్నవాళ్లమే మేమంతా. ఇప్పుడు మా నాయిన అన్నం తింటూ మధ్యలో ఆగి గోడ వైపు చూసేవాడు. "ఎట్లున్నదట ఆమెకు?" అని మా అమ్మను అడిగేవాడు.

నాదీ అప్పుడు నోరు మూసుకున్న కాలమే. బడిలో ప్రార్థన పాడే నలుగురిలో నన్ను నిలబెట్టారు. టీచరు ఎత్తుకున్న ఎత్తుకు నా గొంతు అందలేదు. రెండో చరణంలో కీచుమంది. బడి బడంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి పెద్దవాళ్ల ముందు నోరు తెరవడం మానేశాను. ఏదడిగినా తల ఊపడమే. "గీ పిల్లకు ఏమైందో ఏమో, మూగదాని లెక్క జేస్తున్నది" అని మా అమ్మ పరేషాన్ అయ్యేది.

ఆరు వారాలు దాటాక ఒక మధ్యాహ్నం అత్తయ్య నన్ను పిలిచింది. చాప మీద హార్మోనియం పెట్టుకుని కూర్చుని ఉంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "చేతుల్లో బలం లేదే. నువ్వు తిత్తి కొడుతూ ఈ మెట్టు నొక్కి పట్టుకో, నేను పాడి చూసుకుంటాను" అంది. కోసింది గొంతును కదా, చేతుల్లో బలం ఎందుకు పోతుందని నాకు తట్టలేదు. మూగదానిలా తిరుగుతున్న పిల్లను పాట దగ్గర కూర్చోబెట్టడానికి ఆవిడ వేసిన ఎత్తు అదని ఎన్నో ఏళ్ల తర్వాత గానీ నాకు తెలిసి రాలేదు. అప్పుడు మాత్రం నేను లేకపోతే అత్తయ్య పాడలేదని నా గర్వం నాది.

రోజూ బడి నుంచి రాగానే అదే పని. ఎడమ చేత్తో తిత్తి, కుడి చేతి వేలు నల్ల మెట్టు మీద. అత్తయ్య ఐదున్నరలోనే మొదలుపెట్టేది. కింద బాగానే ఉండేది. పైకి పోయేసరికి కుట్లు వేసిన చోట ఎర్రబడేది, మెడ పక్కన నరం తాడులా ఉబ్బేది, దగ్గు తెర కమ్ముకొచ్చేది. కాసిని నీళ్లు తాగి మళ్లీ అక్కడి నుంచే. వారం, పది రోజులు అదే వరుస. మొండి మనిషి. ఒకరోజు నాకే భయం వేసింది. ఆ నరం తెగిపోతుందేమోనని, ఆవిడ నీళ్లు తాగుతుండగా నా వేలును పక్కకు జరిపాను. మూడు నల్ల మెట్ల గుంపుకు ముందుండే తెల్ల మెట్టు మీద పెట్టాను. ఆవిడకు అర్థమైంది. నా వేలు వైపు ఒకసారి చూసింది. అందులోనే ఎత్తుకుని పద్యం చివరిదాకా పాడింది. దగ్గు రాలేదు.

"ఎందుకు మార్చావ్?" అంది.

"నల్లదాని మీద పాడితె నీ మెడ నరం ఉబ్బుతున్నది అత్తయ్యా. గీ తెల్లదాని మీద ఉబ్బుతలేదు" అన్నాను. ఎన్నో రోజుల తర్వాత నేను ఒక పెద్దమనిషితో అన్న పూర్తి మాట అది.

అత్తయ్య ఆ మెట్టును తన వేలితో ఒకసారి తాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది నాలుగు" అంది. "రాజు వేషం కట్టి నాలుగులో పాడితే జనం ఏమంటారే?" అంది. నాకేం తెలుసు? అలవాటుగా తల ఊపాను. మర్నాటి నుంచి మాత్రం మా సాధన నాలుగులోనే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ మెట్టు నా గొంతుకు సుఖంగా ఉండేది. ఆవిడ పాడుతుంటే నేను లోలోపల సన్నగా గొంతు కలిపేదాన్ని, పెదాలు కదలకుండా. ఆవిడకి వినపడటం లేదనుకునేదాన్ని.

నెల తిరిగేసరికి నాటక సమాజం పెద్దాయన వచ్చాడు. పద్య నాటకాలు ఆడించే పదిహేను మంది బృందానికి ఆయనే పెద్ద. గోడకు ఇటుపక్క మేమంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. "వచ్చే ఆదివారం ఎల్బీనగర్‌లో పగటి ఆట ఉందమ్మా. నువ్వు నెగ్గుకొస్తే ఈ ఏడాది ఆటలన్నింట్లో రాజు నువ్వే. లేదంటే రాజు వేషానికి ఆ తెనాలి కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు, ఆ రోజు కూడా వస్తాడు. ఏమీ అనుకోకు, సమాజం నడవాలి కదా" అన్నాడు.

"అనుకోవడానికి ఏముంది బాబాయ్‌గారూ. ఆదివారం వస్తాను" అంది అత్తయ్య. నాలుగు సంగతి ఎత్తలేదు. ఆయన వెళ్లాక వాళ్లాయన అన్నాడు, "శ్రుతి మాట చెప్పేస్తే పోయేది కదా" అని. "ఆదివారం చెప్తాలెండి" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఆదివారంతో ఆవిడ రాజుగా ఉంటుందో, మీసం పెట్టెలో పడేసి ఇంట్లో కూర్చుంటుందో తేలిపోతుందని నాకు కూడా అర్థమైంది.

ఆదివారం పొద్దున నన్ను తీసుకుపోతానని అత్తయ్య అడిగితే మా అమ్మ ముందు ఒప్పుకోలేదు. "నాటకాల కాడికి ఆడపిల్లెందుకు వదినె? ఎవలన్న ఏమన్న అంటరు" అంది. "నా శ్రుతి పట్టేది అదే కదా వదినా. అది పక్కనుంటే నాకు ధైర్యం" అంది అత్తయ్య. ఆ మాటకు మా అమ్మ మెత్తబడి, నా జుట్టుకు నూనె పెట్టి, గట్టిగా రెండు జడలు వేసి పంపింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాం. ఇప్పుడు అక్కడి నుంచి ఎల్బీనగర్ దాకా తల ఎత్తితే మెట్రో, తల దించితే షాపులు. అప్పట్లో కొంచెం దూరం పోతే ఊరు పలచబడేది. రాళ్ల గుట్టలు, సీతాఫలం చెట్లు, విజయవాడ రోడ్డు మీద బారులు తీరిన లారీలు. ఆట ఒక రేకుల పెళ్లి మండపంలో. ముందు వరుసల్లో కుర్చీలు. వాటిలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనుషులు, పద్యం చెవిన పడితే తప్పొప్పులు చెప్పగలవాళ్లు. వెనక బెంచీల మీద, కింద చాపల మీద, మా నల్లగొండ వైపు జనం, షెడ్లలో పనిచేసేవాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు, చంకన పిల్లలతో వాళ్ల ఆడవాళ్లు. తెనాలి కుర్రాడు స్టేజీ మెట్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముఖానికి రంగు కూడా వేసుకుని వచ్చాడు. వాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండింది.

నాటకం కథ పెద్దదేమీ కాదు. ఒక రాజు చాడీలు నమ్మి, మంచివాడైన సేనాపతిని దేశం నుంచి వెళ్లగొడతాడు. చివరకు నిజం తెలిసి, నిండు సభలో నిలబడి, తప్పు నాదేనని ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకునే పద్యానికే నాటకమంతా. ఎక్కడ ఆడినా ఆ పద్యానికి అత్తయ్యకు వన్స్ మోర్ పడేది.

రంగు వేసుకునే గదిలో అత్తయ్య కుట్ల మచ్చ కనబడకుండా మెడ నిండా ముత్యాల దండలు వేసుకుంది. నన్ను దగ్గరికి పిలిచింది. "మాస్టారి దగ్గరికి వెళ్లి, అత్తయ్యకి ఇవాళ నాలుగు పెట్టమంది అని చెప్పు. మెల్లగా చెవిలో చెప్పు. ఎవరూ వినక్కర్లేదు" అంది. మాస్టారంటే హార్మోనిస్టు. పదిహేనేళ్లుగా అత్తయ్య పద్యాలకు వాయిస్తున్న మనిషి. స్టేజీ పక్కన చాప మీద కూర్చున్నాడు. పెద్ద మీసాలు. చుట్టూ తబలా ఆయన, తాళాలవాళ్లు, ఇంకో నలుగురు. నేను వెళ్లి నిలబడ్డాను. "ఏం కావాలే బుజ్జీ?" అన్నాడాయన. అందరూ నా వైపు చూశారు. నాకు బడి గుర్తొచ్చింది. నోరు పెగల్లేదు. నేను దేనికోసమో ఆశపడి నిలబడ్డాననుకున్నాడు పాపం. పక్కనున్న వెండి డబ్బా తీసి, గుప్పెడు సోపు గింజలు నా చేతిలో పోసి, "పో, పోయి ఆడుకో" అన్నాడు. నేను ఆ సోపంతా నోట్లో పోసుకుని వెనక్కి వచ్చేశాను.

అత్తయ్యకు అప్పుడు మీసం అంటిస్తున్నారు. తల తిప్పడానికి లేదు. అద్దంలోంచి నన్ను చూసి, చెప్పావా అని కనుబొమలు ఎగరేసింది. నేను తల ఊపాను.

తెర లేచింది. రాజు ప్రవేశం. అత్తయ్య అడుగు స్టేజీ మీద పడిందో లేదో, మాస్టారి వేలు తనంతట తానే వెళ్లి పాత మెట్టు మీద కూర్చుంది. పదిహేనేళ్ల అలవాటు మరి. నేను తెర పక్కన నిలబడి ఉన్నాను. ఆ నాదం చెవిన పడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. నోట్లో సోపు చేదైపోయింది. అది నల్ల మెట్టు. దాని మీద పాడితే ఏమవుతుందో ఆ మండపంలో తెలిసింది మా ఇద్దరికే.

అత్తయ్యకీ తెలిసింది. చెయ్యి నడుం మీద పెట్టి నిలబడి, నోరు తెరిచి, మూసింది. హార్మోనియం అలా మోగుతూనే ఉంది. మాస్టారు ఆవిడకి ఊపిరి అందలేదేమోనని ఇంకోసారి స్వరాలు వాయించి ఆ మెట్టు దగ్గరికే చుట్టి వచ్చాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. తెనాలి కుర్రాడు కుర్చీలోంచి సగం లేచాడు. సమాజం పెద్దాయన తెర తాడు మీద చెయ్యి వేశాడు. ఐదున్నరలో ఎత్తుకుంటే గొంతు మొదటి పద్యానికే పోతుంది. ఎత్తుకోకపోతే వేషం పోతుంది. ఎలా చూసినా అది నేను చేసిన పని.

అప్పుడు రాజు నడిచాడు. కంగారు లేదు, తడబాటు లేదు, రాజు నడిచినట్టే నడిచి, స్టేజీ అంచుకు వచ్చి, ఒక మోకాలు వంచి కింద కూర్చుని, హార్మోనియం మీదికి చెయ్యి చాచి తెల్ల మెట్టును తన వేలితో తనే నొక్కింది అత్తయ్య. ఆ నాదం మోగుతుండగానే లేచి జనం వైపు తిరిగింది. రాజు గొంతుతో కాదు, మా పక్కింటి అత్తయ్య గొంతుతోనే మాట్లాడింది.

"అయ్యా, అమ్మా, నాకు గొంతు కోసి గడ్డ తీశారు. ఐదున్నర ఇక నాకు లేదు. ఇవాళ్టి నుంచి నాకు నాలుగు. నాలుగులో పాడతాను, వినండి."

మీసం పెట్టుకున్న ముఖంలోంచి ఆ మాట వస్తుంటే ఎవరూ నవ్వలేదు. కానీ ముందు వరుసలో ఒక పెద్దమనిషి పక్కవాడితో అందరికీ వినపడేలా అన్నాడు, "నాలుగులో రాజేవిటండీ! జోలపాట పాడుకోమనండి" అని. వెనక చాపల మీద నుంచి ఇంకో గొంతు లేచింది, "ఓ పెద్దసారూ, జర సప్పుడు జేయకు! ఆమెను పాడనియ్" అని. మాస్టారు ఆవిడ ముఖంలోకి ఒకసారి చూశాడు. భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తెల్ల మెట్టు మీద వేలు పెట్టాడు.

మొదటి పద్యానికి ఏ స్పందనా లేదు. రెండోదానికీ లేదు. వన్స్ మోర్ లేకుండా అత్తయ్య స్టేజీ దిగడం అదే మొదటిసారి అని తబలా ఆయన గొణుక్కున్నాడు. తెనాలి కుర్రాడు ముఖం రంగు కడుక్కోకుండా అలాగే కూర్చున్నాడు. అంకాల మధ్య అత్తయ్య నా వైపు చూస్తుందేమోనని నేను రంగుపెట్టెల వెనక దాక్కున్నాను. ఆవిడ చూడలేదు. కళ్లు మూసుకుని, గోరువెచ్చని నీళ్లు గుక్క గుక్కగా తాగుతూ కూర్చుంది.

ఆఖరి సభ వచ్చింది. రాజు సింహాసనం దిగి సేనాపతి ముందు నిలబడ్డాడు. పాత రోజుల్లో అయితే ఆవిడ ఆ పద్యాన్ని ఎక్కడికో ఎత్తుకుపోయి, చివర రాగం తీసి వదిలేది. జనం ఆ రాగం కోసమే కాచుకుని ఉండేవాళ్లు, మాట ఎవరికి కావాలి? ఆ రోజు రాగానికి తావు లేదు. మాట మిగిలింది. ఒక్కో మాటనూ విడదీసి, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ అడిగినట్టుగా పాడింది. తప్పు నాది అనే చోట గొంతు కొంచెం బొంగురుపోయింది. అది ఆపరేషన్ వల్ల వచ్చిన బొంగురో, రాజు ఏడుపో నాకు తెలియలేదు. నా పక్కన నిలబడ్డ తాళాలాయన తాళం వేయడం మరిచిపోయాడు. రాజు తప్పు ఒప్పుకోవడం నేను అప్పటికి వంద సార్లు విని ఉంటాను గోడ మీద నుంచి. ఆ రోజే మొదటిసారి అర్థమైంది.

పద్యం అయిపోయింది. అప్పుడు వెనక నుంచి తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆయనకు వన్స్ మోర్ అనడం తెలియదు. రెండు చేతులూ ఎత్తి, "మల్లొక్కసారి, తల్లీ!" అన్నాడు. ఆ వెంటనే మండపం వెనక భాగమంతా "మల్లొక్కసారి! మల్లొక్కసారి!" అని మోగిపోయింది. తర్వాత ముందు కుర్చీల్లోంచి కూడా వన్స్ మోర్ వినపడింది. జోలపాట అన్న పెద్దమనిషి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన పట్టుదల ఆయనది. అత్తయ్య మళ్లీ పాడింది, మొదటిదాని కన్నా బాగా పాడింది. ఐదున్నరలో అయితే రెండోసారికి ఆవిడ దగ్గర గొంతు మిగిలేది కాదు. నాలుగులో మిగిలింది.

ఆట ముగిశాక సమాజం పెద్దాయన వచ్చి, ఈ ఏడు సగం ఆటలు ఆవిడకి, సగం కుర్రాడికి అన్నాడు. అన్నీ ఇస్తాడని నేను అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య కొబ్బరినూనెతో ముఖం రంగు తుడుచుకుంటూ, "సగమైతే సగం బాబాయ్‌గారూ. మిగతా సగం నేనే తెచ్చుకుంటాను" అంది. ఆయన నవ్వలేక నవ్వి వెళ్లిపోయాడు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. నేను ఇక ఆపుకోలేకపోయాను. వెక్కి వెక్కి ఏడుస్తూ, "నేను చెప్పలే అత్తయ్యా. మాస్టరుకు చెప్పలే. నోరు రాలే" అన్నాను.

"నాకు తెలుసే" అంది. "నోటి నిండా సోపు పెట్టుకుని తల ఊపావు. అద్దంలో కనపడదనుకున్నావా?"

"మరి గప్పుడే ఎందుకు తిట్టలే?"

ఆవిడ నూనె గుడ్డ పక్కన పెట్టింది. సగం ముఖం రాజు, సగం ముఖం అత్తయ్య. "ఏమని తిట్టనే? నెల రోజులుగా నేను చెప్పాల్సిన మాట అది. పెద్దాయనకు చెప్పలేదు, మాస్టారికి చెప్పలేదు. సిగ్గేసింది. నా గొంతు తగ్గిందని నా నోటితో అనలేక, పదేళ్ల పిల్లని పంపాను, అదీ ఎవరూ వినకుండా చెప్పమని. నీది తప్పే, చెప్పానని తల ఊపడం తప్పే. కానీ ముందు తప్పు నాది." అంతకుముందు సభలో రాజు పాడిందీ ఇదే మాట కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఒక పెద్దమనిషి నా ముందు తప్పు నాది అనడం నేను వినడం అదే మొదలు. ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని స్టేజీ మీదికి తీసుకుపోయింది. కింద చాపలు చుడుతున్నారు. మాస్టారు హార్మోనియం మూత పెట్టబోతున్నాడు. "ఆగండి మాస్టారూ, దీనికి మీతో పనుంది" అని నన్ను ముందుకు తోసింది. "రోజూ నా వెనక నక్కి పాడుతున్నావు కదా, అదేదో నీ మెట్టు నువ్వే పెట్టుకుని పాడు" అంది. అంటే ఆవిడ అన్నీ వింటూనే ఉందన్నమాట. తెల్ల మెట్టు వెతుక్కుని నొక్కాను. "మాస్టరు గారూ, నాకు నాలుగు" అన్నాను. ఆయన పెద్ద మీసాల చాటున నవ్వి తిత్తి కొట్టాడు. చాపలు చుట్టే నలుగురి ముందు, బడిలో కీచుమన్న ఆ ప్రార్థననే మొదటి నుంచి చివరిదాకా పాడాను. కీచుమనలేదు. మర్నాడు సోమవారం బడిలో టీచరు దగ్గరికి వెళ్లి, "టీచర్, మీరెత్తుకున్న కాడికి నా గొంతు రాదు, జర కింది నుంచి ఎత్తుకుంటా" అన్నాను. ఆవిడ వింతగా చూసింది గానీ సరేనంది.

అత్తయ్య అన్న మాట నిలబెట్టుకుంది. ఆ మరుసటి ఏడు ఆటలన్నింట్లో రాజు తనే. ఆ తర్వాత చాలా ఏళ్లు నాలుగులో పాడింది, ఇంకా వయసు మీద పడ్డాక మూడులో పాడింది. తల్లి వేషాలు, అవ్వ వేషాలు వేసింది. గొంతు తగ్గినకొద్దీ మాట పెరిగిందని జనం అనేవారు. ప్రతి ఆటకు ముందు తనే వెళ్లి హార్మోనియం మెట్టు మీద వేలు పెట్టేది. ఇంకెవరినీ పంపలేదు. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడ ఇంట్లో సాధన చేసిన ఆ హార్మోనియం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నాలుగు పలికే ఆ తెల్ల మెట్టు ఒక్కటీ పసుపు రంగుకు తిరిగి, నడుమ గుంట పడి ఉంటుంది.

నేనూ స్టేజీ ఎక్కాను. మా అమ్మ ఏడ్చింది, మా నాయిన ఎవరికీ తెలియకుండా మొదటి ఆటకు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. రాణి, పిచ్చిది, దాసి, రాజు, అత్తయ్య వేసినవన్నీ వేశాను, ఆవిడ వేయనివి రెండు వేశాను. ఎవరైనా ఏదైనా అనుకోనీ, నా శ్రుతి నేనే చెప్పుకున్నాను. శ్రుతి ఒక్కటే కాదు, ఈ వేషం నా వల్ల కాదు అన్నా, ఈ వేషం నాకే కావాలి అన్నా, నా నోటితోనే అన్నాను. దాని వల్ల పోయిన వేషాలూ ఉన్నాయి. పోనీ అనుకున్నాను.

పోయిన నెలలో ఎల్బీనగర్‌లో ఒక ఆట పడింది. ఆ రేకుల మండపం ఇప్పుడు లేదు, దరిదాపుల్లో ఏసీ హాలు ఒకటి కట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నా దగ్గర పద్యం నేర్చుకునే పిల్లల్లో ఒకమ్మాయిని వెంటబెట్టుకుని మెట్రోలో వెళ్లాను. చలికి గొంతు పట్టేసింది. ఐదులో పాడేదాన్ని ఈ మధ్య నాలుగున్నరకు వచ్చాను, ఆ రోజు అదీ పలికేలా లేదు. ఇప్పుడు హార్మోనియం కూడా లేదు, కీబోర్డు. వాయించే అతను మర్యాదస్తుడు. "మేడమ్, ఇబ్బందిగా ఉంటే ఒక బటన్ నొక్కితే శ్రుతి దిగిపోతుంది, ఎవ్వరికీ తెల్వదు. ఎంతో చెప్పి పంపించండి చాలు" అని కబురు చేశాడు. మోకాళ్ల నొప్పి, పైగా మేకప్ సగంలో ఉన్నాను. "అమ్మాయ్, వెళ్లి ఆయనతో మెల్లగా చెప్పు..." అని మొదలుపెట్టాను. ఆ పిల్ల బుద్ధిగా తల ఊపింది.

ఆ తల ఊపడం చూసి నేను ఆగిపోయాను. సోపు రుచి నోట్లోకి వచ్చింది.

లేచాను. మోకాలు కలుక్కుమంది. ఆ పిల్ల భుజం పట్టుకుని మెట్లు దిగి, తెర బయటకు వచ్చి, జనమంతా సర్దుకుని కూర్చుంటుండగానే కీబోర్డు దగ్గరికి వెళ్లి, నాలుగుకు ముందుండే తెల్ల మెట్టు మీద వేలు పెట్టాను. "నాన్నా, ఇవాళ నాకు మూడు" అన్నాను. చివరి వరుస దాకా వినపడేలా అన్నాను.